నలభై మీటర్ల తప్పు

వాగు పక్క నడకదారి మీది కిలోమీటరు రాయిని ఆ రోజు పదింటికి పీకేస్తారని కబురొచ్చింది. ఆ రాయి ఎక్కడ పాతాలో కొలిచి చెప్పింది నగర కార్యాలయంలో కొలతల పని చేసిన మనిషి. ఆయన పోయి నాలుగు నెలలు. ఆయన భార్య, వీధి చివర కొట్టులో బట్టలు కుట్టే ఆవిడ, సగం కుట్టిన చొక్కాను మిషను మీదే వదిలేసి బయల్దేరింది. వెంట ఆడపడుచు.

ఈ నాలుగు నెలల్లో కుట్టావిడ కంట చుక్క రాలలేదు. పది రోజులకే మిషను ముందు కూర్చుంటే వీధంతా నోళ్ళు నొక్కుకుంది. ఆ మాటలు ఆవిడకి తగల్లేదు. ఆకలీ తెలియడం లేదు. పొద్దున సూది వేల్లో దిగినా, చొక్కా మీద రక్తం చూసేదాకా తెలియలేదు. ఏడవాలని ఆవిడకూ ఉంది. ఏడుపు కూడా ఆవిడ కొట్టు లాంటిదే కాబోలు, చెప్పిన రోజుకి ఇవ్వదు.

ఆడపడుచుకి మాత్రం ఒళ్ళు మండిపోతోంది. చేతి గడియారాల్లో దూరం చూసుకుంటూ నడిచేవాళ్ళెవరో, రాయి నలభై మీటర్లు ముందే వచ్చేసిందని ఫిర్యాదు పెట్టారట.

"మా తమ్ముడు లెక్క తప్పే మనిషా? చిన్నప్పుడు కేకు ముక్క కూడా స్కేలు పెట్టి కోసేవాడు. పోయినవాడు ఎలాగూ నోరెత్తడని వాడి మీదకి నెట్టేశారు. నువ్వూ మాట్లాడవేంటమ్మా?"

"ఏం మాట్లాడను వదినా."

వాగులో నీళ్ళు మోకాలి లోతు కూడా లేవు. పరుగు తీసేవాళ్ళు పక్కకి జరగమంటే కుట్టావిడ జరుగుతోంది, మళ్ళీ నడుస్తోంది. ఎండగా ఉందో చల్లగా ఉందో అడిగితే చెప్పలేకపోయేది.

వీళ్ళు వెళ్ళేసరికి రాయి ఒక పక్కకి ఒరిగి ఉంది. ఆడపడుచు గునపానికి అడ్డంగా నిలబడింది.

"నా కళ్ళ ముందు మళ్ళీ కొలవండి!"

"మూడుసార్లు కొలిచామమ్మా, నలభై తక్కువే," అన్నాడు మేస్త్రీ. చేతిలో పొడుగు కర్ర, దాని కింద చక్రం, పైన చక్రం దొర్లిన దూరం చూపే అంకెల డబ్బా. "నేను పని నేర్చుకుంది ఆయన దగ్గరే. ఆయన చేతిలో ఇంత తప్పు ఎలా జరిగిందో మాకూ అంతుపట్టడం లేదు."

"తప్పే వదినా," అంది కుట్టావిడ. "ఆయన కొలిచిన రోజు నేను అన్నం డబ్బా తెచ్చాను. అదిగో, నీళ్ళ పక్క ఆ బల్లపరుపు రాయి మీద కూర్చుని పిలిచాను. చక్రం ఎత్తి పట్టుకోవాలన్న సంగతి మరిచిపోయి దొర్లించుకుంటూనే వచ్చేశారు. తినేసి అలాగే వెళ్ళారు. రాను ఇరవై, పోను ఇరవై. రాయి పాతాక గుర్తొచ్చింది. ఆఫీసులో తెలిస్తే పరువు పోతుంది, ఎవరికీ చెప్పకు అన్నారు."

మేస్త్రీ నవ్వబోయి ఆగిపోయాడు. ఆడపడుచు కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. కుట్టావిడ ఆ ఏడుపును కూడా పక్కింటి గొడవ చూసినట్టు చూసింది.

రాయి లేచింది. గొయ్యి మిగిలింది. కూలీలు రాయిని బండిలో వేసుకుని కొత్త చోటికి తోసుకెళ్ళారు.

"ఆ చక్రం ఒకసారి ఇస్తారా?" అని అడిగింది కుట్టావిడ. మేస్త్రీ అంకెలు సున్నాకి తిప్పి ఇచ్చాడు.

దారి దిగి, గడ్డి మీదుగా నీళ్ళ వైపు దొర్లించుకుంటూ వెళ్ళింది. చక్రం బల్లపరుపు రాయికి తగిలి ఆగింది. అంకెల డబ్బాలో చూసింది. సరిగ్గా ఇరవై. ఆయన లెక్క తప్పలేదు. రాయి మీద ఎవరూ లేరు.

"వచ్చెయ్యమ్మా," అని పైనుంచి ఆడపడుచు పిలిచింది.

"వస్తున్నా," అంది. చక్రాన్ని దారి వైపు తిప్పింది. ఇంకో ఇరవై ఉంది, కాళ్ళు కదల్లేదు. కర్ర పట్టుకున్న వేలు, పొద్దున సూది దిగిన చోట, అప్పుడు భగ్గుమంది.