నేను వంగితే ఆరిపోయే తెర

బ్యాగులకు కావలసిన జిప్పులు, పట్టీలు, గుండీలు టోకున అమ్మడం నా వ్యాపారం. ఇంట్లో అయ్యే పనికి బయటివాడి గుమ్మం ఎక్కడమంటే నా లెక్కలో నష్టమే. అందుకే ఆ రోజు కొట్టు మధ్యాహ్నానికే మూసి వచ్చి మా ఆవిడ ల్యాప్‌టాప్ ముందేసుకున్నాను.

తెర మీద బొమ్మ ఉంది, దాని వెనక వెలుతురే లేదు. టార్చి వేసి ఓరగా చూస్తే మసగ్గా కనిపిస్తుంది. పిల్లల పుస్తకానికి ఆవిడ వేస్తున్న ఆఖరి బొమ్మ అందులోనే ఉండిపోయింది. సాయంత్రంలోగా పంపకపోతే పుస్తకం ఇంకొకరికి ఇచ్చేస్తామన్నారు ప్రచురణకర్తలు. ఆవిడకు దొరికిన మొదటి పుస్తకం అది.

"మీకు వచ్చా ఈ పని?"

"వీడియో చూశాను."

"నేనూ ఆపరేషన్ల వీడియోలు చూశాను. ఎవరి పొట్టా కోయలేదు."

కరెంటు తీగ తీసేసి, అడుగు మూత విప్పి, ముందు బ్యాటరీ కనెక్షన్ ఊడదీశాను. తర్వాత తెర చుట్టూ ఉన్న ప్లాస్టిక్ చట్రం లేపాను. తెర వెనక సన్నటి కేబుల్ ఒక కొన లేచి ఉంది. దాన్ని నొక్కి కూర్చోబెట్టి, టేపు వేసి, బ్యాటరీ కలిపి, అడుగు మూత పెట్టి ఆన్ చేశాను. తెర ధగధగలాడింది.

చట్రం బిగిద్దామని ముందుకు వంగాను. ఆరిపోయింది. టార్చి వేశాను. ఈసారి మసక బొమ్మ కూడా లేదు.

ఏం చేశానో చూద్దామని వెనక్కి జరిగితే మళ్లీ వెలిగింది. వంగితే ఆరింది. మా ఆవిడ వచ్చి కూర్చుంటే నిక్షేపంగా వెలిగింది.

"మీరంటే దానికి గిట్టడం లేదు" అంది.

బల్ల కదులుతోందేమోనని కాలు కింద అట్టముక్క పెట్టాను. నా నీడ పడుతోందేమోనని కిటికీ వైపు తిప్పాను. అంతా కట్టి, విప్పి, కేబుల్ మళ్లీ నొక్కాను. ఊపిరి బిగబట్టి కూడా వంగాను. ఊహూఁ. పైగా విప్పిన స్క్రూల్లో ఒకటి కనబడలేదు. నేను మోకాళ్ల మీద నేల తడుముతుంటే మా అత్తగారు వచ్చి చూశారు.

"ఏం వెతుకుతున్నారు బాబూ?"

"స్క్రూ అండీ అత్తయ్యా."

"మీ జేబుకే వేలాడుతోందిగా, చెవి తమ్మెట్టులాగా."

చూసుకున్నాను. చొక్కా జేబు బట్టకు బయట అతుక్కుని ఉంది. జేబులో ఖాతాదారుకు చూపించడానికి వేసుకున్న అయస్కాంతపు గుండీలు. బ్యాగు మూత టప్పున మూసుకునేవి, నేను రోజూ అమ్మేవి. ఈ యంత్రం మూతలోనూ అలాంటి అయస్కాంతమే ఉంటుంది. అది కీబోర్డు దగ్గరికి వస్తే మూత మూశారనుకుని తెర ఆర్పేస్తుంది. నేను వంగినప్పుడల్లా పాపం మూత పడిందనే అనుకుంది.

చొక్కా విప్పి పక్కగదిలో పడేసి వచ్చి వంగాను. వెలుగుతూనే ఉంది.

"ఇక చట్రం బిగించేస్తాను" అన్నాను.

"చెయ్యి పెడితే ఊరుకోను. పొద్దు గుంకుతోంది. వెనక నిలబడి తెర పడిపోకుండా పట్టుకోండి, చాలు."

బనీనుతో నిలబడి రెండు అంచులూ పట్టుకున్నాను. ఆవిడ రంగులు దిద్దుతోంది. పక్కగదిలో ఫోను మోగింది. ఖాతాదారే అయ్యుంటాడు.

"కదలకండి."

కదల్లేదు. ఫోను ఆగి మళ్లీ మోగింది. మా అత్తగారు వెళ్లి, అల్లుడుగారు తలుపు పట్టుకున్నట్టు ఏదో పట్టుకుని ఉన్నారని చెప్పి పెట్టేశారు. అవతలివాడికి ఏం అర్థమైందో నాకు తెలియదు.

కాసేపటికి మా ఆవిడ చేతులు ఆగాయి.

"మేక చెవులకు ఈ నీలం బాగుందా?"

"మేకకు నీలం చెవులేమిటి?"

"బాగుందా లేదా చెప్పండి."

నాకు కనిపిస్తున్నది ల్యాప్‌టాప్ వీపు, దాని పైన ఆవిడ కళ్లు.

"బాగుంది" అన్నాను.

పంపేసింది.