మెత్తగా ఉండని పాట

దూది లేస్తోంది.

దూదేకే వింటి నారి మీద కొయ్య దెబ్బ పడగానే... టంయ్... దూది లేస్తోంది. కిటికీలోంచి పడే ఎండలో, తెల్లగా, తొందర లేకుండా. కాసేపు గాల్లో ఆగుతుంది. కిందికి చూసుకుంటుంది. అప్పుడు దిగుతుంది.

జన్మంతా అదే చూశాను. దూది ఏకడం, పరుపు కుట్టడం. ఇంకో పని రాదు నాకు.

నా మనవరాలు ఆ దూదిలోనే పెరిగింది. పాకింది దూదిలో. పడుకుంది దూదిలో. తుమ్మింది, దగ్గింది, అలిగింది — అన్నీ దూదిలోనే. అందుకేనేమో, దాని గొంతు గరుకు. బళ్ళో పిల్లలు "ముసలమ్మ గొంతు" అని ఏడిపించేవారు. పాటల పంతులమ్మ దాన్ని వెనక వరుసలో నిలబెట్టి, పాడొద్దు, పెదాలు మాత్రం కదుపు అంది.

కదిపింది. చదువు అయ్యేదాకా కదిపింది.

ఆ తర్వాత ఎక్కడా నోరు మూసుకోలేదు.

గిటారు తెచ్చుకుంది. ఎవరో వాడి వదిలేసింది, తీగ బిగించే మర ఒకటి విరిగింది. దాన్ని స్పీకరు పెట్టెకి తగిలించి మీటితే ఇల్లంతా గొంతు సవరించుకున్నట్టుండేది. వంటింట్లో కోడలు గిన్నెల మీద మూతలు అదిమి పట్టుకునేది.

"అది సంగీతమా, మరమ్మతా?" అన్నాడు నా కొడుకు.

"రెండూను నాన్నా."

పాట అదే రాసుకుంది. అదే కట్టుకుంది. నేను పరుపు కుడుతుంటే పక్కన కూర్చుని, సూది పోటు పోటుకీ ఒక్కో మాట పెట్టుకుంటూ...

మెత్తగా ఉండను... నేను మెత్తగా ఉండను...

జన్మంతా మెత్తదనం అమ్మి బతికినవాణ్ణి. నా కొట్లోనే ఈ పాట. నవ్వొచ్చింది.

తర్వాత నవ్వు ఆగింది. లోపల ఏదో గుచ్చుకుంది... సూదే. కానీ నా సూది కాదు.

రికార్డింగుకి ఎవరి దగ్గరికీ వెళ్ళనంది. మొదటి పాట, అన్నీ మేమే చేసుకుంటాం అంది. కొట్టు వెనక గది ఖాళీ చేసి ఇచ్చాను. మైకు వచ్చింది, ల్యాప్‌టాప్ వచ్చింది, పాముల్లా వైర్లు వచ్చాయి. డ్రమ్ములు వాయించడానికి దాని నేస్తం వచ్చింది — సెలూన్లో జుట్టు కత్తిరించే పిల్ల. ఆ పిల్ల చేతులు ఒకచోట నిలవవు.

ఇరుగుపొరుగు గొడవకొస్తారని నా భయం. నాకు తెలిసిన వైద్యం ఒక్కటే... దూది.

గోడలకి పరుపులు ఆనించాను. తలుపుకి పరుపు. కిటికీకి పరుపు. పైకప్పుకి తాళ్ళేసి పరుపు. సందు కనపడితే దూది కుక్కాను. చీమ దగ్గినా బయటికి పోదు అనుకుని చేతులు దులుపుకున్నాను.

వాయించారు. పాడారు. విన్నారు.

పాట చచ్చిపోయింది.

గొంతు దుప్పటి కింద దూరిన పిల్లి. డ్రమ్ములు దిండు మీద పిడిగుద్దులు. గిటారు... ఎక్కడో పక్క ఊళ్ళో.

"తాతగారూ, కొడుతుంటే నాకే నిద్రొచ్చేస్తోంది. ఓ దుప్పటి కూడా ఇప్పించండి," అంది సెలూన్ పిల్ల.

నా మనవరాలు నవ్వలేదు. నేల మీద కూలబడింది. పరుపుల వంక చూసింది. నా వంక చూడలేదు — నేను నొచ్చుకుంటానని.

"లే," అన్నాను. "పెట్టింది నేనే. పీకేదీ నేనే."

పీకాం. పైకప్పు తాళ్ళు విప్పాం. కిటికీ తెరిచాం. అది వెళ్ళి తలుపు కూడా బార్లా తీసింది.

"తలుపెందుకే? వీధి వీధంతా వింటుంది."

"వినాలనే కదా తాతా."

మిట్టమధ్యాహ్నం. బయట బళ్ళు. ఎవరో ఎవరినో తిట్టుకుంటున్నారు. అది కళ్ళు మూసుకుని పాడింది. గొంతు గోడకి తగిలింది. తిరిగొచ్చింది. గరుగ్గా... నిండుగా... మనిషి నడిచొచ్చినట్టు.

అదీ పాట.

నా కొడుకు ఊరుకోలేదు. తెలిసినవాళ్ళని పట్టుకుని ఒక పాటల కంపెనీ ఆయనకి వినిపించాడు. ఆయన ఇంటికే వచ్చాడు. మంచి మనిషే, అబద్ధమెందుకు. పాట బావుందన్నాడు. మేమే విడుదల చేస్తాం, ఊరూరా మోగిస్తాం అన్నాడు.

"గొంతులోనే కాస్త నలక ఉంది. భయం లేదమ్మా, మిషన్‌లో వేసి నునుపు చేసేస్తాం."

చేసి తెచ్చాడు కూడా. పెట్టి వినిపించాడు. అదే పాట. అవే మాటలు. మెత్తగా ఉండను, మెత్తగా ఉండను అంటోంది... మెత్తగా. వేళ్ళ సందుల్లోంచి నూనె జారినట్టు.



"ఎవరండీ పాడిన అమ్మాయి?" అంది సెలూన్ పిల్ల.

నా కొడుకు గొంతు తగ్గించాడు. "ఒప్పుకో తల్లీ. కాస్త నునుపు చేస్తే నీకేం పోయింది? పేరు నీదేగా. ఇలాంటి మనిషి మళ్ళీ మన గుమ్మం తొక్కడు."

నిజమే. తొక్కడు. అది దానికీ తెలుసు.

"పెదాలు కదపడం నాకొచ్చు సార్," అంది. "చిన్నప్పుడే నేర్పారు. ఇంక కదపను. మీ మిషన్‌నే పాడించుకోండి."

"ఇలాగే వదిలితే ఎవరు వింటారమ్మా?"

"చూద్దాం."

ఆయన లేచాడు. ప్యాంటుకి అంటిన దూది దులుపుకున్నాడు. పోలేదు. మళ్ళీ దులుపుకున్నాడు. అంత సులువుగా పోదది.

నా కొడుకు ఆయన్ని సాగనంపడానికి వీధి చివరిదాకా వెళ్ళాడు.

అది ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. తన పేరు కొట్టింది. పాట పేరు కొట్టింది. పాటని లోకంలోకి వదిలే మీట మీద వేలు ఆగిపోయింది.

"తాతా... ఎవరూ వినకపోతే?"

"రెండోది చెయ్యి."

నొక్కింది.

ఏమీ కాలేదు. పిడుగు పడలేదు. ఫోను మోగలేదు. ఎండ ఎక్కడిదక్కడే ఉంది.

అది లేచి స్పీకరు పెట్టెని బరబరా ఈడ్చుకెళ్ళి కిటికీ దగ్గర పెట్టింది. పాట పెట్టింది. పెద్దగా. గరుగ్గా. కిటికీ అద్దం వణికింది. నా పక్కటెముకలు వణికాయి.

సగం పాటలో ఉండగా... గోడ అవతల ఎవరో కొడుతున్నారు.

దబ్... దబ్... దబ్...

సెలూన్ పిల్ల గోడకి చెవి ఆనించింది. "ఆపమంటున్నారో, తాళం వేస్తున్నారో... తెలీట్లేదు తాతగారూ."

నా కొడుకు తిరిగొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. చెప్పులు విప్పలేదు. లోపలికి రాలేదు. వెళ్ళనూ లేదు.

అది గోడని చూసింది. వాళ్ళ నాన్నని చూసింది.

శబ్దం పెంచింది.

దెబ్బలు ఆగలేదు. దెబ్బ దెబ్బకీ గోడ మీది సున్నం లేస్తోంది... ఎండలో... తెల్లగా...

ఇంకా దిగలేదు.