తువ్వాలు కట్టిన బొమ్మ

పొద్దున్నించీ జాస్మిన్ కుర్చీలో కుదురుగా కూర్చోలేదు. చిలకలూరిపేటలో హైవే పక్కన, పత్తి మిల్లుల లారీలు ఆగే చోట, అంకమ్మరావు గారి నెట్ సెంటర్ ఉంది. అక్కడ కౌంటరు చూసుకునేది ఆమే. డిగ్రీ పాసైన పిల్ల, పని తెలిసిన పిల్ల. అలాంటిది ఆ రోజు ఎవరో హాల్ టికెట్ అడిగితే ఇంకెవరిదో ప్రింటు తీసిచ్చి నాలుగు మాటలు పడింది. పడి, మళ్లీ వచ్చి అదే పేజీ తెరిచింది.

ఆ పేజీలో ఆమె పేరు జాస్మిన్ కాదు, మార్క్. అది తమ్ముడి పేరు. తుపాకుల ఆట ఆడేవాళ్లు దేశం నలుమూలల నుంచీ చేరి కబుర్లాడుకునే ఫోరం అది. అక్కడ మార్క్ అంటే గౌరవం. ఏ గోడ వెనక నక్కాలో, ఏ తుపాకీ ఎటు గుంజుతుందో మార్క్ చెబితే పుణె వాళ్లూ బెంగళూరు వాళ్లూ కూడా కాదనరు. ఆ మధ్య ఒకమ్మాయి సొంత పేరుతో చేరింది. ఆమె పాపం అడిగింది సౌండ్ కార్డు గురించి. వీళ్లు ఫొటో పెట్టమన్నారు. పెట్టకపోతే మగాడివేలే అన్నారు. పెట్టాక అన్న మాటలు ఇక్కడ రాయడం నాకిష్టం లేదు. వారం తిరక్కుండా ఆ అమ్మాయి పత్తా లేకుండా పోయింది. అది చూసి జాస్మిన్ మార్క్‌గానే ఉండిపోయింది. ఉన్నందుకు సిగ్గుగా ఉంటుంది, మానేద్దామంటే భయంగా ఉంటుంది.

ఆటంటే మాత్రం ఆమెకు ప్రాణం. ప్రాణమే గానీ ఒక్క విషయంలో ఒళ్లు మండేది. ఆ ఆటలో రెండు జట్లు, పోలీసులూ టెర్రరిస్టులూ. ఇటూ అటూ అందరూ మగాళ్లే. తెర మీద తుపాకీ పట్టుకుని ముందుకు చాచిన చేతులు ఎప్పుడూ తెల్లవే. తన చేతుల రంగున్నవాడు ఎవడైనా ఎదురుపడ్డాడంటే వాడు చచ్చేవాడేనని లెక్క.

అందుకే ఆటలోని బొమ్మకు వేరే రూపం వేసింది. ఆటగాళ్లు దాన్ని స్కిన్ అంటారు. ఆటలోని మనిషి బట్టలూ చర్మమూ కంప్యూటర్లో విప్పి చూస్తే టైలరు కత్తిరించి పరిచిన ముక్కల్లా ఉంటాయి. పాస్‌పోర్టు ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్‌తోనే వాటి మీద కొత్త రంగులు వేసుకోవచ్చు. గిరాకీ లేని మధ్యాహ్నాలన్నీ కూర్చుని, జాస్మిన్ ఆ ముక్కల మీద వాళ్లమ్మను వేసింది.

వాళ్లమ్మ ఎలీసమ్మ, ఎండు మిరపకాయల తొడిమలు తీసే కూలికి వెళుతుంది. చీర మీద మొగుడి పాత నీలిగళ్ల చొక్కా, మెడదాకా బొత్తాలు, కళ్లు తప్ప మొహమంతా కప్పుతూ బిగించి కట్టిన తువ్వాలు. మిరప దుమ్ము అలాంటిది మరి. వేసవిలో ఈ చుట్టుపక్కల ఏ కోల్డ్ స్టోరేజీ దగ్గరికి వెళ్లినా ఆడవాళ్లందరి వేషమూ అదే. జాస్మిన్ ఆ చొక్కా గళ్లు వేసింది, తువ్వాలు మీది ఎర్ర దుమ్ము వేసింది, ముంజేతి రంగూ మట్టిగాజులూ కూడా వదల్లేదు. నిన్న ఫోరంలో పెట్టి, ఎలా ఉందో చెప్పండి అని మాత్రం రాసి ఊరుకుంది. ఎవరని వేరే చెప్పాలా, చూడగానే తెలిసిపోదూ అనుకుంది. పేటలో పుట్టి పెరిగిన పిల్ల కాబట్టి అలా అనుకుంది.

తెల్లారేసరికి జవాబులు కుప్ప పడ్డాయి. టెర్రరిస్టు అదిరిపోయాడు భాయ్ అన్నాడొకడు. వీణ్ణి చూస్తేనే కాల్చబుద్ధేస్తోంది అన్నాడు ఇంకొకడు. ఆ గాజులు తీసెయ్, నవ్వొస్తోంది అన్నారు నలుగురైదుగురు. అందరి మీదా పెద్ద, కమాండర్ అని పేరు పెట్టుకున్న పుణె మనిషి, పెద్ద వరమే ఇచ్చేశాడు. ఫోరం వాళ్లు విడుదల చేసే కొత్త బొమ్మల వేసవి ప్యాక్‌లో దీన్ని చేరుస్తాడట. వేలమంది దించుకుంటారట. పేరు ‘బందిపోటు’. వేరే పేరు కావాలంటే రాత్రి పన్నెండులోగా చెప్పమన్నాడు.

జాస్మిన్‌కు తల కొట్టేసినట్టయింది. ‘ఆమె మా అమ్మ’ అని టైపు చేసింది, చెరిపేసింది. మిరపకాయల కూలీ అని రాసింది, అదీ చెరిపేసింది. మార్క్ వాళ్లమ్మ కూలికెళుతుందా అంటారు. అననీ, దానికేం. తీగ లాగితే డొంకంతా కదిలి, మార్క్ కాదు ఆడపిల్ల అని బయటపడితే? ఇన్నాళ్ల గౌరవం గంగలో కలుస్తుంది. నోరు మూసుకుంటే అమ్మ బందిపోటై ఊరూరా చస్తుంది. లేచి నీళ్లు తాగింది. బయటికెళ్లి నిలబడింది. లోపలికొచ్చి చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుంది, ఏ పాటా పెట్టుకోకుండానే.

ఇంటి తాళంచెవి ఆమె దగ్గరే ఉంటుంది. ఎలీసమ్మ పని దిగి రాగానే వీధిలో నిలబడి పిలుస్తుంది, లోపలికి మాత్రం రాదు. ఏసీ గదిలోకి ఆ బట్టలతో వస్తే ఘాటుకు అందరూ దగ్గి చస్తారు. ఆ రోజు ఎంత పిలిచినా కూతురు పలకలేదు. చివరికి తలుపు తోసుకుని వచ్చేసింది.

గదంతా దగ్గు. మూల కంప్యూటర్లో ఆడుతున్న కుర్రాడు కోటేష్ కళ్లు తుడుచుకుంటూ వెనక్కి తిరిగాడు. వాళ్లదీ మిరప సేద్యమే, వాళ్ల కాయల తొడిమలు తీసేదీ ఈ ఆడవాళ్లే. రోజూ చూసే వేషమే అయినా, జాస్మిన్ ఆ కంప్యూటర్‌లోనూ ఎక్కించిన కొత్త బొమ్మను అప్పటిదాకా కాల్చి కాల్చి ఉన్నాడేమో, వాడికి నవ్వాగలేదు. ఫోరంలో పెట్టిన పేరు వాడూ చదివే ఉన్నాడు.

“అక్కా, నీ బందిపోటు బయటికొచ్చేసింది చూడు.”

జాస్మిన్ హెడ్‌ఫోన్లు తీసేసరికి ఎలీసమ్మ కోటేష్ వెనక నిలబడి తెర చూస్తోంది. నీలిగళ్ల చొక్కా వేసుకున్న మనిషి గోడవారన వెల్లకిలా పడి ఉంది.

“అది మీ నాన్న చొక్కా కదంటే? నన్ను వేశావా?”

“ఊఁ.”

“మరి పడిపోయానేంది?”

“కాల్చాడు.”

“నేనేం చేశానయ్యా నిన్ను?” అని అడిగింది కోటేష్‌ని. కోపం లేదు, నిజంగానే తెలుసుకుందామని అడిగింది. వాడి నవ్వు ఆగిపోయింది. “ఆటలో అంతే ఆంటీ” అని గొణిగాడు.

ఎలీసమ్మ తెర దగ్గరికి వంగి చూసింది.

“గాజులు బాగా వేశావు. చొక్కా అచ్చం అట్నే ఉంది. మొహమేదే?”

“తువ్వాలుందిగా అమ్మా.”

“దుమ్ములో కట్టుకుంటాను. ఇందులో దుమ్మేముంది? ఇంతా చేసి నాకు మొహం లేకుండా చేశావేందే.”

జాస్మిన్ తెర మీది తువ్వాలు కేసి చూసింది. ఫోరం వాళ్ల మీద పొద్దున్నించీ పళ్లు నూరడం ఒక్కసారిగా ఆగిపోయింది. వాళ్లు గుడ్డ చూసి టెర్రరిస్టు అన్నారు. ఆ గుడ్డ కట్టింది తనే కదా. తన మొహానికి తమ్ముడి పేరు కట్టుకున్నదీ తనే.

“కూర్చో అమ్మా, తువ్వాలు తియ్యి” అని పాస్‌పోర్టు ఫొటోల స్టూలు లాగింది. ఎలీసమ్మ చెంగుతో మొహం తుడుచుకుని, ఫొటో అనేసరికి వెంట్రుకలు సర్దుకుంది. దగ్గుతూనే కోటేష్ లైటు పట్టుకున్నాడు.

గడువులోపే కొత్త బొమ్మ ఫోరంలోకి వెళ్లింది. జాస్మిన్ సొంత పేరుతో చేరి పెట్టింది. ‘ఆమె పేరు ఎలీసమ్మ. మా అమ్మ. మిరపకాయల తొడిమలు తీస్తుంది. ఇన్నాళ్లూ మార్క్ అన్న పేరుతో రాసింది నేనే. పాత బొమ్మను వాడకండి.’

జవాబులు ఆమె భయపడినట్టే వచ్చాయి. ఫొటో పెట్టు అన్నారు, చాలామంది. మొదటిదే బాగుంది, దీన్ని చూస్తే ఎవరి అమ్మో అన్నట్టుంది, ఎలా కాలుస్తాం అన్నాడు కమాండర్. ఆదివారం ప్యాక్ విడుదలైంది. అందులో బందిపోటు ఉంది, గాజులు చెరిపేసి ఉంది. చేసినది మార్క్ అని కింద వేశారు.

జాస్మిన్ ఏడ్చింది. ఏడ్చి, ఆమె పేరు ఎలీసమ్మ అని ప్యాక్ కింద రాసింది. వాళ్లు తీసేశారు. మళ్లీ రాసింది. ఇప్పటికీ రోజూ అదే పని. పేట సెంటర్లో మాత్రం మొహమున్న బొమ్మే నడుస్తోంది. ఆమె ఎదురుపడితే కోటేష్ చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది, ఆ క్షణంలో అవతలివాడు వాణ్ణి లేపేస్తాడు. ఒక్కసారి కూడా గెలవనివ్వట్లేదు ఆంటీ అని గొణుక్కుంటాడు.

ఎలీసమ్మ ఇప్పుడు వీధిలోంచి పిలవడం మానేసింది. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని నేరుగా లోపలికొస్తుంది. ఎంతమంది దగ్గినా కదలదు. తాళంచెవి కోసం చెయ్యి చాపుతూ రోజూ ఒకే మాట అడుగుతుంది.

“ఇయ్యాల ఎందరు కాల్చారే నన్ను?”

“ఇక్కడెవరూ కాల్చలేదమ్మా” అంటుంది జాస్మిన్.