ఈ నెల వంతు

రాగి తీగ మీది రబ్బరు తొడుగును కత్తితో నిలువుగా చీల్చి, ఒక్క ఊపులో లాగెయ్యాలి. ఆ ఊపు ఆమెకు కుదరడం లేదు. ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. లాగిన ప్రతిసారీ తొడుగు సగంలో తెగి చేతికొస్తోంది. రేకుల షెడ్డు పైనుంచి ఎండ, కింద నుంచి ఇనప తుక్కు వేడి. మధ్యలో కూర్చున్న ఆడవాళ్ళంతా ముక్కులకు గుడ్డలు కట్టుకుని మాటల్లేకుండా పని చేసుకుపోతున్నారు.

ఆమె గేటు వైపు చూసింది. మళ్ళీ చూసింది.

"గేటుకేమన్నా కొమ్ములొచ్చాయా, అలా చూస్తావు?" అంది పక్కనున్న పెద్దమ్మ. ఎవరికీ చుట్టం కాదుగానీ ఆ పాత సామాన్ల గోదాములో అందరికంటే ముందు చేరిన మనిషి, అందరికీ పెద్దమ్మే.

"పిల్ల నిన్న సాయంత్రానికే రావాలి పెద్దమ్మా."

"కోర్టుకెళ్ళిన పిల్ల దార్లో బజారు చూడదేంటి? నీ కూతురసలే వసపిట్ట. ఆ జడ్జి గారికి మన గోదాం కబుర్లన్నీ చెప్పి, ఆయన భోజనానికి లేస్తే గానీ వదిలి ఉండదు."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె నవ్వలేదు.

ఆ గోదాములో ఒక పద్ధతి ఉంది. పోలీసు స్టేషన్‌కి ప్రతి నెలా లెక్క చూపించడానికి కొన్ని చిల్లర కేసులు కావాలి. దొంగ సరుకు కొంటున్నా చూసీచూడనట్టు పోవాలంటే యజమాని స్టేషన్‌కి ఒక మనిషిని ఇవ్వాలి. అదే వంతు. వంతు వచ్చినవాళ్ళు పొద్దున్నే స్టేషన్‌కి పోవాలి. తాళం బద్దలు కొట్టబోయిందనో, ఇనప ముక్క ఎత్తుకుపోయిందనో వాళ్ళేదో రాసుకుంటారు. కోర్టులో నిలబడి "అవునండీ" అనాలి. జరిమానా యజమాని కడతాడు. సాయంత్రానికి ఇల్లు, చేతిలో రెండు రోజుల కూలి. ఒంట్లో బాగోని నెలలో వంతు వస్తే కొందరు సంబరపడేవాళ్ళు కూడా. ఎండలో తీగలు ఒలిచే బదులు నీడపట్టున బెంచీ మీద కూర్చోవచ్చు.

ఆమె ఇప్పటికి మూడుసార్లు వెళ్ళొచ్చింది. కొళాయి దగ్గర వరస ఎంత తెలుసో, ఆమెకు కోర్టూ అంతే తెలుసు. ఈ నెల వంతు వచ్చేసరికి జ్వరం తగులుకుంది. వంతు తప్పితే పని తప్పుతుంది. అందుకే కూతుర్ని పంపింది. రాత్రి తల దువ్వుతూ అంతా నేర్పింది.

"ఏమడిగినా అవునండీ అను. వాగకు. వయసడిగితే పంతొమ్మిదని చెప్పు. పదహారన్నావనుకో, పిల్లల హోమంటారు, వారాల తరబడి అక్కడే పడేస్తారు. పంతొమ్మిదంటే జరిమానా కట్టించుకుని పొమ్మంటారు. తెలిసిందా?"

"తెలిసిందిలేవే. నువ్వు పొడిచేసింది నేను పొడవలేనా?" అంది పిల్ల.

గుమాస్తా షెడ్డులోకి వచ్చాడు. ఎప్పుడూ ఆడవాళ్ళ మీద విసుర్లు విసిరేవాడు ఆవేళ ఎవరినీ పలకరించకుండా నేరుగా ఆమె దగ్గరికొచ్చి, మడిచిన నోట్లు చేతిలో పెట్టాడు. ఆమె చూసుకుంది. వారం కూలి.

"ఎక్కువిచ్చారు బాబూ."

"ఉంచుకో."

"పిల్లేది?"

అతను తుక్కు గుట్ట వైపు చూస్తూ, "కాస్త ఆలస్యమవుతుంది. కేసు కొంచెం మారింది," అన్నాడు.

"మారడమేంటి?"

"మొన్న రాత్రి కేబుల్ గోదాంలో దొంగలు పడి కాపలా మనిషి తల పగిలింది కదా, వాడు ఆసుపత్రిలో పోయాడు. ఎవరో ఒకరిని చూపించమని స్టేషన్ మీద ఒత్తిడి. ఆ టైముకి మీ పిల్ల స్టేషన్లోనే ఉంది."

అతను వెళ్ళిపోయాడు. ఆడవాళ్ళ చేతుల్లో కత్తులు ఆగిపోయాయి. మొన్న రాత్రి దిగిన ఆ కొత్త కేబుల్ చుట్టలు ఎక్కడివో వాళ్ళకు తెలుసు. ఇప్పుడు ఒళ్ళో పెట్టుకుని ఒలుస్తున్నది వాటినే.

*

జైల్లో ములాఖత్ గది పొడుగ్గా, ఇరుగ్గా ఉంది. మధ్యలో రెండు వరసల జాలీ. ఇటు పది మంది, అటు పది మంది, అందరూ ఒకేసారి అరుస్తున్నారు. పిల్ల పెద్దవాళ్ళ మధ్య నుంచి తోసుకుని ముందుకొచ్చింది. పెదవి చిట్లి ఉంది.

"అమ్మా! నువ్వు చెప్పినట్టే చేశానే. ఒక్క మాట కూడా ఎక్కువ మాట్లాడలేదు!"

తల్లి జాలీ పట్టుకుని ఆ పెదవి వైపే చూస్తోంది.

"కాగితం మాత్రం చాలా పొడుగుంది. నీ కాగితం ఇంతే ఉంటుందన్నావు కదా? వాళ్ళు చదువుతుంటే నాకు నిద్రొచ్చేసింది. మధ్యలో సంతకాలు. వాళ్ళడిగిన ప్రతిదానికీ అవునండీ అన్నా."

"కాపలా మనిషి గురించి అడిగారా?"

"ఆఁ. ఇనప రాడ్డుతో కొట్టింది నువ్వూ, నీతో వచ్చినవాళ్ళూ కదా అన్నారు. అవునండీ అన్నా." తల్లి ముఖం చూసి పిల్ల ఆగింది. "ఏం? అనకూడదా? తాళం బద్దలు కొట్టావా అంటే నువ్వూ అవునన్నావుగా. నువ్వు కొట్టావేంటి?"

"పెదవికేమైంది?"

"లోపల ఒకామె. మనిషిని చంపినదానివి కాళ్ళు పట్టవా అంది. నేను చంపలేదంటే, మరి కోర్టులో ఎందుకు ఒప్పుకున్నావే అని కొట్టింది." పిల్ల ఇంకాస్త దగ్గరికి జరిగింది. "అమ్మా, సాయంత్రానికన్నావు. ఏ సాయంత్రానికే?"

గంట మోగింది. వెనక నుంచి ఎవరి చెయ్యో పిల్ల జడ పట్టుకుని లోపలికి లాగేసింది.

*

డబ్బుల్లేనివాళ్ళకు సర్కారు ఇచ్చే లాయరమ్మ గది కోర్టు మెట్ల కింద ఉంది. పైన ఎవరు నడిచినా గోడ సున్నం రాలి బల్ల మీద పడుతోంది. లాయరమ్మకు ముప్ఫై ఏళ్ళుండవు. టీ గ్లాసు మీద కాగితం మూత పెట్టి, మొత్తం విన్నది.

"ఒప్పుకుంటే తొందరగా వదిలేస్తారు కదమ్మా?" అంది తల్లి.

"చిల్లర కేసులో. ఇది మనిషి ప్రాణం పోయిన కేసు. ఇందులో ఒప్పుకుంటే వదలరు, తలుపేస్తారు." లాయరమ్మ నెమ్మదిగా, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పింది. "ఏ నేరమని రాశారో అది ముందు అర్థం కావాలి. అర్థం కాని దానికి అవుననకూడదు. అసలేమీ మాట్లాడననే హక్కుంది. లాయరు వచ్చేదాకా నోరు విప్పనని అనొచ్చు. ఎవరూ చెప్పలేదా?"

"నేనే చెప్పా... అవునండీ అనమని."

"సరే. పోలీసుల ముందు అన్నది వేరు, జడ్జి ముందు అన్నది వేరు. పోరాడొచ్చు. కానీ అన్నిటికంటే ముందు వయసు. పద్దెనిమిది నిండని పిల్లని ఆ జైల్లో ఒక్క గంట కూడా ఉంచకూడదు. పిల్లల కోర్టుకి పంపాలి. అక్కడ కూడా, ఇంత పెద్ద కేసు కాబట్టి, పదహారు దాటిందని పెద్దవాళ్ళతో సమానంగా విచారించమని అడుగుతారు. అడిగినంత మాత్రాన అయిపోదు. పిల్లకి ఎంత తెలుసు, ఎవరి మాట మీద చేసింది, అన్నీ చూస్తారు. ఆ దారి ఒక్కటే ఉంది."

"బళ్ళో రాసిన పుట్టినరోజు ఉంటుంది."

"అది నేను తెప్పిస్తా. కానీ మీ గోదాం వాళ్ళు పెద్ద లాయర్ని పెట్టారు, మీ అమ్మాయి తరఫునేనట! కేసు పిల్ల మీదే తేలిపోవాలని, పంతొమ్మిదేళ్ళని వాళ్ళే వాదిస్తారు. పిల్ల పంతొమ్మిదే అంటోంది. ఎందుకలా అందో కోర్టుకి మీరు చెప్పాలి. వంతు సంగతితో సహా."

"చెప్తా."

"మీ మీద కేసు పెట్టొచ్చు. మీరు పెద్దవాళ్ళు, మీకు పిల్లల కోర్టు లేదు."

"పెట్టుకోనీ."

లాయరమ్మ ఇంకేదో అనబోయి ఆగింది. తర్వాత అనేసింది. "ఇంకోటమ్మా. మీరు మూడుసార్లు వెళ్ళొచ్చానన్నారు. జరిమానాతో పోయిందనుకున్నారు. పోలేదు. కోర్టు లెక్కలో మీరు మూడు దొంగతనాలు ఒప్పుకున్న మనిషి. రేపు మీరు నిజం చెబుతుంటే అవతలి లాయరు మొదట అడిగేది అదే. మీ మాట ఎంత నమ్ముతారో నేను చెప్పలేను."

ఆమె తన చేతుల వైపు చూసుకుంది. ఎన్నడూ ఒకరి గడపలోంచి చెంబు కూడా తియ్యని చేతులు. పైన ఎవరో పరుగెత్తారు. సున్నం రాలింది.

*

మర్నాడు పొద్దున్నే గుమాస్తా వస్తాడనుకుంది. పెద్దమ్మ వచ్చింది. గడపలోనే కూలబడి చెంగుతో ముఖం తుడుచుకుంది.

"లాయరమ్మ దగ్గరికి పోయావట."

"పోయా."

"వంతు సంగతి చెప్తావా?"

"చెప్పకపోతే పిల్ల పోతుంది పెద్దమ్మా."

"చెబితే మేం పోతాం." పెద్దమ్మ గొంతులో గోదాములో ఉండే ఎకసెక్కం లేదు. "అందరం అబద్ధాలాడి కోర్టుని మోసం చేసినవాళ్ళమే అవుతాం. గోదాముకి తాళం పడుతుంది. నా కోడలు కడుపుతో ఉంది, దాని వంతు పోయిన నెలే అయింది, తెలుసుగా? నీ పిల్ల ఒక్కతే. మా ఇళ్ళెన్నో లెక్కపెట్టుకో."

"నీ మనవరాలైతే ఇలాగే అంటావా?"

"అనను," అంది పెద్దమ్మ, క్షణం కూడా ఆలోచించకుండా. "నీ కాళ్ళు పట్టుకునేదాన్ని. నువ్వూ నాలాగే తన్నేదానివి."

వెళ్తూ వెళ్తూ పెద్దమ్మ జ్వరం చూడ్డానికి ఆమె నుదుటి మీద చెయ్యి వేసింది. అలవాటుగా వేసిన చెయ్యి చురుక్కుమన్నట్టు తీసేసుకుంది.

"యజమాని నీకు తూకం దగ్గర కూర్చునే పని ఇస్తాడట. నీడలో. చెప్పమన్నాడు, చెప్పా."

*

కోర్టులో పిల్లని తెచ్చి బోనులో నిలబెట్టారు. పెదవి వాపు తగ్గింది, కంటి కింద కొత్త మచ్చ వచ్చింది. గోదాం పెట్టిన లాయరు లేచి, నిందితురాలి వయసు పంతొమ్మిదనీ, చేసిన తప్పు ఆమే ఒప్పుకుందనీ, దయ చూపమనీ గడగడా చెప్పాడు. దయ అన్న మాట మూడు నాలుగుసార్లు వాడాడు.

మెట్ల కింది లాయరమ్మ లేచింది. "బడి నుంచి పుట్టిన తేదీ తెప్పిస్తున్నాం. ఈలోగా తల్లి మాట వినాలని కోరుతున్నాను."

తల్లిని పిలిచారు. అంతవరకూ కోర్టులో ఒక్క మాటే అనడం అలవాటైన ఆమె నోరు తెరవగానే మాటలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. జ్వరం, వంతు, స్టేషన్, తల దువ్వుతూ నేర్పిన వయసు. "అబద్ధం నాది. దానికి పదహారు. అది ఎవర్నీ కొట్టలేదు, ఆ రాత్రి నా పక్కన పడుకుని నా నెత్తిన తడిగుడ్డ వేసింది."

గోదాం లాయరు నవ్వుతూ లేచాడు. "మీ మీద ఎన్ని దొంగతనాలున్నాయమ్మా?"

"నేను చెయ్యలేదు."

"ఒప్పుకున్నారా లేదా?"

"ఒప్పుకున్నా."

"అప్పుడు అబద్ధమాడారా, ఇప్పుడు ఆడుతున్నారా?"

"అప్పుడు," అంది. గది వెనక ఎవరో నవ్వారు.

జడ్జి బోను వైపు తిరిగాడు. "నువ్వు చెప్పమ్మాయ్. మీ అమ్మ చెప్పింది నిజమేనా? నీకెన్నేళ్ళు?"

పిల్ల తల్లిని చూసింది. తల్లి వెనక నిలబడ్డ కానిస్టేబుల్‌ను చూసింది. తప్పుడు వయసు చెప్పించిన తల్లులను కూడా లోపల వేస్తారని జైల్లో కాళ్ళు పట్టించుకున్న ఆడది చెప్పి ఉంది.

"పంతొమ్మిదండీ," అంది పిల్ల. "మా అమ్మకి జ్వరం. ఏం మాట్లాడుతుందో తనకే తెలియదు."

"ఒసేయ్!" అని తల్లి కేక పెట్టింది.

జడ్జి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. వయసు మీద విచారణ జరపాలన్నాడు. అప్పటిదాకా పిల్లని జైల్లో ఉంచాలా, హోముకి పంపాలా అన్నది భోజనాల తర్వాత చెబుతానన్నాడు. తల్లి మాట కాగితం మీద పెట్టి ఇమ్మన్నాడు.

వరండాలో లాయరమ్మ, "ఇక్కడే ఉండండి, కదలొద్దు, రాసుకుని వస్తా," అంది. రెండడుగులు వేసిందో లేదో ఇంకో గదిలో ఆమె కేసు పిలిచారు. చేతిలో ఫైళ్ళు సర్దుకుంటూ అటు పరుగెత్తింది.

గుమాస్తా అందుకే కాచుకుని ఉన్నాడు. అతని చేతిలో కాగితం సిద్ధంగా ఉంది. జ్వరంలో తెలివి తప్పి మాట్లాడానని, కూతురికి పంతొమ్మిదేళ్ళు నిండాయని అందులో ఉంది. చదివి వినిపించాడు కూడా. గోదాం ఆడవాళ్ళు గోడ వారగా వరసగా నిలబడ్డారు. పెద్దమ్మ కిటికీలోంచి బయటికి చూస్తోంది.

"పిల్ల నీకంటే తెలివైనది. నిన్ను కాపాడుకుంది," అన్నాడు గుమాస్తా. "వేలిముద్ర వెయ్యి. నీడలో కూర్చుని దాని ఖర్చులకి పంపుకో."

"వెయ్యను."

ఆ మాట ఆమె నోటికే కొత్తగా ఉంది. మరోసారి అంది. "నేను వెయ్యను బాబూ."

అతను సిరా డబ్బా మూత తీశాడు. ఆమె బొటనవేలిని అరచేతిలోకి మడిచి, దాని మీద నాలుగు వేళ్ళూ బిగించింది. వరండాలో అందరూ నడుస్తూనే ఉన్నారు. గుమాస్తా అటూ ఇటూ చూసి, ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ముందు చిటికెన వేలు విప్పాడు. తర్వాత దాని పక్క వేలు.