తెరిచి ఉంచిన చెవి

మా మరమగ్గాల షెడ్డులో మోతకి చెవి బిరడాలు రెండిస్తారు. మేం ఒకటే పెట్టుకుంటాం, కుడి చెవికి. ఎడమ చెవి మగ్గానికి వదిలేస్తాం. దారం తెగితే మగ్గం మోత మారుతుంది. అది పసిగట్టకపోతే ముందు గుడ్డ పాడవుతుంది, తర్వాత సూపర్వైజర్ నోరు పాడవుతుంది. నాకీ పని నేర్పింది మా అత్తగారు. మగ్గంతో కాపురం చేసేదానికి ఒక చెవైనా తెరిచి ఉండాలనేది. ఆవిడ మాట పెడచెవిన పెట్టే ధైర్యం మా ఇంట్లో ఎవరికుంది?

మొన్న పొద్దున హాస్టల్ నుంచి మా అమ్మాయి ఫోన్ చేసింది. ఎడమ చెవికి ఆనించాను. ఉలుకూ పలుకూ లేదు. ఫోన్ చచ్చిందనుకుని దాన్ని నాలుగు తిట్టి, కుడి చెవికి మార్చాను.

"అమ్మా, ఇందాకణ్ణుంచీ పిలుస్తున్నా. పలకవేం?"

తర్వాత మాట్లాడతానని పెట్టేసి వంటింట్లోకి పరిగెత్తాను. కుడి చెవి వేలితో మూసుకుని, స్టీలు గ్లాసు గట్టు మీద పెట్టి, ఎడమ చెవి దగ్గరగా వంచి చెంచాతో కొట్టాను. చెంచా అదిరింది. చప్పుడు లేదు. లోపల ఎక్కడో కీచుమని సన్నటి కూత, అంతే. ఏడవడానికి కూడా భయమేసింది, నా ఏడుపు నాకు వినపడదేమోనని.

మగ్గాల మోతకి పోయిన ఆ వినికిడి తిరిగి రాదన్నాడు డాక్టరు. ఉన్న చెవినైనా కాపాడుకోమన్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

అత్తగారికి రెండు చెవులూ వినపడవు. వయసు మీద పడిందనుకున్నాం అందరం. ఎదురుగా కూర్చుని, పెదాలు కనబడేలా నిదానంగా జరిగింది చెప్పాను. నన్నే తిడుతుందనుకున్నాను. వీధి చివరిదాకా వినపడేలా మాట్లాడే మనిషి, ఆ రోజు గొంతు బాగా తగ్గించింది.

"నాకూ ముందు ఎడమదే పోయింది. మగ్గం వినపడ్డం లేదని కుడిదాంట్లో బిరడా తీసేశానే."

ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదని అడగాలనిపించింది. ఆవిడ మొహం చూసి, లేచి టీ పెట్టాను.

మర్నాడు రెండు చెవులకీ బిరడాలు పెట్టుకుని మగ్గం ముందు నిలబడ్డాను. అంత పెద్ద మగ్గం ఎక్కడో దూరంగా గొణుగుతోంది. ఏ దారం తెగిందో, ఏది తెగబోతోందో తెలియదు. కళ్ళు చించుకుని చూస్తున్నాను. చెమటకి జాకెట్టు వీపుకి అంటుకుపోయింది. ఇంతలో గుడ్డలో సన్నటి చార కనబడింది. ఎప్పుడు తెగిందో, ఎంత నేత పాడైందో!

నా చెయ్యి దానంతటదే లేచింది. కుడి చెవిలో బిరడా వేళ్ళకి దొరికింది కూడా. అత్తగారి చెయ్యీ ఇలాగే లేచి ఉంటుంది. ఆ తలపుకి వేళ్ళు ఆగిపోయాయి.

బిరడా లోపలికి నొక్కి, అదే చేత్తో మగ్గం ఆపేశాను. సూపర్వైజర్ పరుగున వచ్చి ఏదో అరుస్తున్నాడు. అరవనీ. ఎడమ చెవి మగ్గం తినేసింది. కుడిది మా అమ్మాయిది.