నాగులమ్మ పోసిన చెంబెడు నీళ్లు

ఉదయగిరి తాలూకా కచేరీ వెనక వాన కొలిచే రాగి గరాటు ఒకటి ఉండేది. దాని కింద సీసాలో నిలిచిన నీటిని రోజూ పొద్దున్నే కొలిచి మదరాసు వాతావరణ ఆఫీసుకు తంతి కొట్టడం గుమస్తా మాలకొండయ్య పని. పందొమ్మిది వందల యాభై ఏడులో దేశదేశాలన్నీ ఒక్కటై గాలినీ వాననూ కొలిచాయి. సముద్రంలో వాయుగుండం లేచిందని, దాని దారి తేల్చడానికి ఈ తాలూకా లెక్క తప్పకుండా కావాలని ఆ వారం కబురొచ్చింది. ఏం లెక్క, నా మొహం! రెండు నెలలుగా ఆయన పంపిందల్లా సున్నాలే. తానే వానను ఆపినట్టు ఇంటికొచ్చి తలొంచుకుని అన్నం కెలికేవాడు. ఆ మొహం చూస్తే భార్య నాగులమ్మకూ ముద్ద దిగేది కాదు.

ఆ తెల్లవారుజామున ఆడవాళ్లు రోకలికి కప్పను కట్టి, వాన కోసం కప్పతల్లి పాటలు పాడుతూ వాకిలి వాకిలికీ తిరిగారు. ప్రతి ఇల్లాలూ కప్ప మీద చెంబెడు నీళ్లు పోసింది. మరి కచేరీకి ఇల్లాలేదీ? మొగుడు కూర్చునే చోటు తన వాకిలే కదా అనుకుంది నాగులమ్మ. వానదేవుడు నోరు తెరిచింది ఇక్కడేనని గరాటులోనే పోసింది.

ముందురోజు ఆత్మకూరు వెళ్లిన మాలకొండయ్య మొదటి బస్సు దిగి నేరుగా గరాటు దగ్గరికే పోయాడు. ఆమె సద్దీ చెంబూ పట్టుకుని వచ్చేసరికి తంతి కాగితం రాసుకుని పసిపిల్లాడిలా నవ్వుతున్నాడు.

"రెండంగుళాలే! నేను ఊళ్లో లేనప్పుడే కురిసుండాది, ఎండిన నేల తాగేసుండాది చూడు."

"ఈ లెక్క చూసి ఏం చేస్తారు?"

"గుండం ఏ పక్కకు పోతాదో తేలుస్తారు. ఇక్కడ కురిసిందంటే అది ఒడ్డు దాటేసినట్టే, సముద్రపొడ్డుకు ఇంక ఢోకా లేదు."

ఆ సముద్రపొడ్డునే, పూరిపాకలో, ఆమె చెల్లెలు చెంచమ్మ పచ్చి బాలింత. నోరు మెదపకపోతే మొగుడి నవ్వు నిలుస్తుంది. నాగులమ్మ చెంబు కింద పెట్టింది.

"వాన గాదు. నేను పోసినాను."

ఆయన మొహం వాడిపోయింది. "రెండు మైళ్లు నడిచి తెచ్చుకునే నీళ్లు. నీకు బుద్ధుండాదా?"

"నువ్వు సున్నా రాసొచ్చి ముద్ద మింగలేకపోతుంటే చూడలేకపోయినాను."

మాలకొండయ్య కాగితం చించి ఇంకోటి తీసుకున్నాడు.

"మళ్లీ సున్నానేనా? మన సున్నా ఎవురిక్కావాల?"

"గుండం ఇంకా ఒడ్డు దాటలేదని తెలిసి చెంచమ్మను ముందుగా అక్కణ్ణుంచి కదిలించాలంటే, మదరాసోళ్లు చూడాల్సింది ఈ సున్నానే."

సీసాలో నీళ్లు చెంబులోకి వంపి ఆమె చేతికిచ్చాడు. "తాగు. పొద్దుటి నుంచీ తిరుగుతుండావు."

నాగులమ్మ సగం తాగి మిగతాది ఆయనకిచ్చింది. ఆయన గటగటా తాగి, మూతి తుడుచుకుని, రెండు నెలల్లో మొదటిసారి సున్నాను తలెత్తుకుని తంతి ఆఫీసుకు పట్టుకుపోయాడు.