మధ్యలో సంచి

అక్రం అబద్ధమాడేటప్పుడు కాస్త ముందూ వెనకా చూసుకోవాల్సింది. ఎనిమిదో తరగతి నుంచే బండి నడుపుతున్నానని పాలిటెక్నిక్‌లో కోతలు కోశాడు. ఆ మాట పట్టుకుని స్నేహితులు ఆదివారం కోటప్పకొండ ఘాట్‌రోడ్డు ఎక్కుదామన్నారు, అందరికంటే ముందు నీ బండే పోవాలన్నారు. పద్దెనిమిదేళ్ళు నిండి ఎల్ఎల్ఆర్ అయితే చేతికొచ్చింది గానీ, మహానుభావుడికి బండి స్టాండు తీయడం తప్ప ఇంకేమీ రాదు.

ఇంట్లో బండి ఉంది. నాన్న అబ్దుల్ హమీద్ లారీ మీద నెలకు ఇరవై రోజులు బయటే ఉంటాడు కాబట్టి, దాన్ని నడిపేది వాళ్ళమ్మ అబిదా. బురఖా అంచులు మడిచి దోపుకుని, తాను కుట్టిన లంగాల మూట వెనక కట్టుకుని, నరసరావుపేట బజారంతా తిరిగి కొట్లకు వేసొస్తుంది. ఆమెకు ఎవరూ నేర్పలేదు. పడుతూ లేస్తూ తానే నేర్చుకుంది. కొడుకు అడిగితే మారుమాట లేకుండా సరేనంది. మొదటి పాఠం వంటింట్లోనే చెప్పింది. ఎడమచేతి పిడికిలి బిగించి, ఒక్కో వేలూ మెల్లగా విప్పి చూపించి, క్లచ్ వదలడమంటే ఇంతేరా అంది.

శనివారం మధ్యాహ్నం మూడింటికి, ఊరి బయట మూతపడ్డ జిన్నింగ్ మిల్లు ఆవరణకు తీసుకెళ్ళింది. వాడిని ముందు కూర్చోబెట్టి, తాను వెనక ఎక్కి, భుజం మీద చెయ్యి వేసింది. ఆరుసార్లు ఆగిపోయిన బండి ఏడోసారి కదిలింది. ఆ సంబరంలో గేటు దాకా వచ్చి ఆపాడో లేదో, ఎదురుగా ఇంకో బండి మీద ఆ స్నేహితుల్లోని సందీప్, జోయెల్ ప్రత్యక్షమయ్యారు. ఒకడిది రాజుపాలెం, ఒకడిది బెల్లంకొండ. ఇద్దరూ హాస్టల్లో ఉంటారు. అక్రం ఇంటి గడప ఎన్నడూ తొక్కలేదు.

వెనక ఎవరని సందీప్ కళ్ళతోనే అడిగాడు. బురఖాలో అబిదా కళ్ళు తప్ప ఏమీ కనపడవు. మా అమ్మ, బండి నేర్పుతోంది అంటే సరిపోయేది. ఎంత పని? ఆ నాలుగు మాటలకు వీడి నోరు పెగల్లేదు.

"ఎవరోరా. లిఫ్ట్ అడిగితే ఎక్కించుకున్నా."

అన్నాక గానీ తానేమన్నాడో వాడికే తెలియలేదు. భుజం మీద చెయ్యి తొలగిపోయింది. అబిదా దిగి, హ్యాండిల్‌కు తగిలించిన సంచి తీసుకుని, "చానా మేలు చేశావు బాబూ" అని, వెనక్కి చూడకుండా రోడ్డెక్కి నడక మొదలుపెట్టింది. కొడుకు పరువు నిలబెట్టడానికి ఆ తల్లి క్షణం కూడా ఆలోచించలేదు. అక్రంకు సిగ్గుతో తల తీసేసినట్టయింది.

ఇది జోయెల్‌కు నచ్చలేదు.

"ఈ ఎండలో ఆడమనిషిని ఈడ దింపేస్తావేందిరా? ఊళ్ళోదాకా దించిరా పో."

అక్రం బండి స్టార్ట్ చేశాడు. ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. మళ్ళీ చేశాడు, మళ్ళీ ఆగిపోయింది. సందీప్ ఎనిమిదో తరగతి సంగతి ఎత్తి పకపకా నవ్వాడు.

బండి ఆగిన చప్పుడు రోడ్డు మీద నలభై అడుగుల అవతలికి వినపడినట్టుంది. అబిదా నిలబడిపోయింది. వెనక్కి మాత్రం తిరగలేదు. ఎడమచేతిని పక్కకు చాపి, పిడికిలి బిగించి, ఒక్కో వేలూ మెల్లగా విప్పింది. చూసేవాళ్ళకు చెయ్యి తిమ్మిరెక్కి విదిలించుకుంటున్నట్టే ఉంటుంది. అక్రం కళ్ళు మసకబారాయి. ఆ వేళ్ళు విచ్చుకుంటుంటే తానూ అలాగే క్లచ్ వదిలాడు. బండి కదిలింది.

పక్కన ఆపితే ఎక్కి కూర్చుంది. ఈసారి భుజం మీద చెయ్యి వేయలేదు. పరాయి మగవాడి బండెక్కిన ఆడవాళ్ళు చేసినట్టే, సంచిని తనకూ వాడికీ మధ్య పెట్టి, వెనకున్న కడ్డీ పట్టుకుంది.

కొంత దూరం పోయాక, ఆ సంచి తీసెయ్ అమ్మీ అని వాడు బతిమాలాడు.

"ఉండనీలేరా. ముందు ఇంకెవరన్నా నీవాళ్ళు కనపడతారేమో."

అందులో ఎత్తిపొడుపు లేదు. నిజంగా వాడి కోసమే అంది. చెంప మీద రెండు తగిలించినా అంత బాధ ఉండేది కాదు. ఛీ, నేనూ ఒక కొడుకునేనా అనుకున్నాడు.

బండి వెనక్కి తిప్పడం వాడికింకా రాదు. రెండు కాళ్ళూ నేలకు ఈడుస్తూ, రోడ్డంతా వాడుకుని ఎలాగో తిప్పాడు. ఎక్కడికిరా అని ఆమె అడుగుతూనే ఉంది. మిల్లు గేటు ముందు బ్రేకు తొక్కితే బండి దడదడలాడి ఆగిపోయింది. సందీప్ మళ్ళీ నవ్వబోయి, వీడి ముఖం చూసి మానుకున్నాడు.

"మా అమ్మరా," అన్నాడు అక్రం, తల ఎత్తకుండానే. "బండి ఆమెదే. నాకు రాదు. ఆమే నేర్పుతోంది."

జోయెల్ తన బండి దిగి నిలబడి, ఆంటీకి నమస్కారం పెట్టాడు. అక్రంకు భూమి చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది. అద్దంలో అమ్మ కళ్ళు చూసే ధైర్యం చాలలేదు. వెనక సంచి కదిలింది. భుజం మీదికి చెయ్యి వచ్చి, కాస్త గట్టిగానే నొక్కింది.

"క్లచ్ పట్టకుండా బ్రేకెందుకు తొక్కావురా," అంది అబిదా. "మళ్ళీ స్టార్ట్ చెయ్యి."